సొంతూరు అడగడం సోమరితనం కాదు

“రైల్వే ఉద్యోగం దొరకడమే గొప్ప. ఎక్కడ వేస్తే అక్కడ చేసుకోవాలి గానీ, ఇంటి దగ్గరకు బదిలీ కావాలని ఈ గోల ఏమిటి?” తెనాలి స్టేషన్లో, బాపట్ల టీ కొట్ల దగ్గర, రేపల్లె పెళ్లి పందిళ్లలో లోకో పైలట్ల ప్రస్తావన వస్తే చాలు, ఎవరో ఒకరు ఈ మాట అంటారు. వినేవాళ్లు తలూపుతారు. ఆఫీసుల్లో ఇదే సంగతిని కాస్త మర్యాదగా, బదిలీ హక్కు కాదు అని ఫైలు మీద రాస్తారు. జీతాలు పెరిగాయి, ఓపిక తగ్గింది, అమ్మ చేతి అన్నం తింటూ ఉద్యోగం వెలగబెడదామనుకుంటున్నారు అని డ్రైవర్ల గురించి జనం ఒక నిర్ణయానికి వచ్చేశారు.

ఆ నిర్ణయం తప్పు. రైలు నడిపేవాడికి అది అన్యాయం చేస్తోంది, రైలెక్కేవాడి ప్రాణం మీదకు తెస్తోంది. అందుకే ఊరుకోవడానికి వీల్లేదు.

ముందు అడుగుతున్నది ఎవరో చూద్దాం. మన డెల్టా ఊళ్లలో ఐటీఐ, డిప్లొమా చదివిన పిల్లలు రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డు పరీక్ష రాస్తారు. ఖాళీలు ఎక్కువున్న బోర్డు చూసి దరఖాస్తు పెడతారు. 2018లో అసిస్టెంట్ లోకో పైలట్, టెక్నీషియన్ పోస్టులకు మొదట 26,502 అని ప్రకటించి, తర్వాత 64,371కి పెంచినప్పుడు ఊరూరా కోచింగ్ సెంటర్లు నిండిపోయాయి. అలా ఎంపికైనవాళ్లలో కొందరికి విజయవాడ, గుంటూరు డివిజన్లు వచ్చాయి. మిగతావాళ్లు భాష తెలియని, పేరు వినని డిపోలకు పోయారు. 19,900 రూపాయల మూల వేతనంతో చేరారు. నాలుగేళ్లు, ఆరేళ్లు, అంతకన్నా ఎక్కువే అయింది. వాళ్లు అడిగేది ఒక్కటే: విజయవాడ గానీ గుంటూరు గానీ డ్యూటీకి బయల్దేరి తిరిగొచ్చే చోటుగా, అంటే హెడ్‌క్వార్టర్‌గా ఇవ్వండి. తెనాలి నుంచి విజయవాడ 32 కిలోమీటర్లు, గుంటూరు పాతిక. రెండింటిలో ఏది ఇచ్చినా ఇంట్లో ఉండి డ్యూటీకి పోవచ్చు.

“ఆల్ ఇండియా సర్వీసని తెలిసే కదా చేరారు?” అంటారు. తెలిసే చేరారు. వాళ్లు ఒప్పుకుని సంతకం పెట్టిన ఆ నిబంధనల పుస్తకంలోనే సొంత కోరికపై బదిలీ ఎలా ఇవ్వాలో కూడా రాసి ఉంది. రైల్వే ఎస్టాబ్లిష్‌మెంట్ మాన్యువల్ 310వ పేరా పరస్పర బదిలీ గురించి, 312వ పేరా రిక్వెస్టు బదిలీ గురించి చెబుతాయి. డ్రైవర్లకు దయాదాక్షిణ్యాలు అక్కర్లేదు. ఉన్న నిబంధన అమలు చేయమంటున్నారు. నిబంధనలో ఒక పేరా శిలాశాసనం, రెండో పేరా నీళ్ల మీద రాత అంటే ఎలా కుదురుతుంది?

ఆ 312వ పేరా ఏం గుంజుకుంటుందో తెలిస్తే, సుఖం మరిగారనే మాట అనడానికి నోరు రాదు. సొంత కోరికపై వచ్చేవాడు కొత్త డివిజన్లో సీనియారిటీ జాబితా అట్టడుగున చేరాలి. రైల్వే వాడుకలో బాటం సీనియారిటీ. ఆరేళ్ల సర్వీసు ఉన్నా, నిన్నగాక మొన్న చేరినవాడి కింద పేరు రాస్తారు. గూడ్స్ లోకో పైలట్‌గా పదోన్నతి వచ్చాక బదిలీ కావాలంటే రివర్షన్ తీసుకుని మళ్లీ అసిస్టెంటుగా దిగి రావలసిందే. సొంత కోరిక కాబట్టి బదిలీ భత్యం ఉండదు. ఇదంతా క్యాబ్‌లో ఎలా కనబడుతుందో ఊహించండి. తనకంటే నాలుగేళ్లు వెనక పరీక్ష రాసిన కుర్రాడు డ్రైవరు సీట్లో ఉంటాడు, ఇతను పక్క సీట్లో అసిస్టెంటుగా కూర్చుని సిగ్నల్ పిలుస్తాడు. ఆ కుర్రాడితో పాటు పదోన్నతి, దాని వెంట వచ్చే జీతం, రిటైరయ్యాక వచ్చే పింఛను కూడా ముందుకు పోతాయి. ఇన్ని వదులుకుని సంతకం పెట్టేవాడు సుఖం కోసం పెడుతున్నాడని ఎవరైనా అంటే, ఆ మనిషి లెక్క ఎక్కడో తప్పింది. ఇంత నష్టానికి సిద్ధపడ్డాడంటే అవతల అంత గట్టి అవసరం ఉందన్నమాట.

ఆ అవసరం పేరు నిద్ర. ఈ వాదనంతా నిలబడేది ఇక్కడే కాబట్టి కొంచెం నింపాదిగా చూద్దాం.

రైళ్ల మీద పనిచేసే రన్నింగ్ స్టాఫ్ విశ్రాంతికి 2005 నాటి నిబంధనలున్నాయి. ఎనిమిది గంటలు, అంతకు మించి డ్యూటీ చేసి హెడ్‌క్వార్టర్‌కు తిరిగొస్తే 16 గంటల విశ్రాంతి ఇవ్వాలి. అంతే డ్యూటీ చేసి బయటి స్టేషన్లో, సిబ్బంది బస చేసే రన్నింగ్ రూమ్‌లో ఆగితే ఎనిమిది గంటలే. ఇవి కాక నెలకు నాలుగుసార్లు 30 గంటల చొప్పున, లేదా అయిదుసార్లు 22 గంటల చొప్పున పీరియాడిక్ రెస్టు. అందులో ఒక నిండు రాత్రి పక్క మీద నిద్ర ఉండి తీరాలని నిబంధనే చెబుతుంది. బయట ఎనిమిది, ఇంటి దగ్గర పదహారు అని ఎందుకు తేడా పెట్టారు? బయట పట్టే నిద్ర, ఇంట్లో పట్టే నిద్ర ఒకటి కావని నిబంధన రాసినవాళ్లకు తెలుసు కాబట్టి. హెడ్‌క్వార్టర్ అంటే డ్రైవరు ఇల్లు ఉన్న చోటు అనే నమ్మకం మీదే ఆ లెక్కంతా కట్టారు.

ఇప్పుడు భట్టిప్రోలు దగ్గర ఇల్లున్న కుర్రాడికి గూడూరు హెడ్‌క్వార్టర్ అనుకోండి. ఎక్కడో ఉత్తరాదిన కాదు, మన రాష్ట్రమే, మన విజయవాడ డివిజనే. 30 గంటల రెస్టు వచ్చింది. డ్యూటీ దిగి లాబీలో సైన్ ఆఫ్ చేసి, దొరికిన రైలు పట్టుకోవాలి. గూడూరు నుంచి తెనాలి 260 కిలోమీటర్లు, నాలుగు గంటల పైమాటే. తెనాలిలో దిగి రేపల్లె బండి కోసం కూర్చోవాలి. అది చినరావూరు, జంపని, వేమూరు, పెనుమర్రు దాటి భట్టిప్రోలు చేరేసరికి మరో గంట. తిరుగు ప్రయాణం అంతే. డ్యూటీ కాల్ ముందుగానే వస్తుంది కాబట్టి ఆలోగా డిపో ఊళ్లో ఉండాలి. ముప్పైలో ఇంట్లో గడిపేది పద్నాలుగు, పదిహేను గంటలు. ఆ కాసేపట్లోనే అమ్మ మందులు, పిల్లాడి ఫీజు, పొలం కౌలు, బంధువుల పలకరింపులు. చివరికి జనరల్ బోగీ తలుపు దగ్గర నిలబడి, కునికిపాట్లు పడుతూ గూడూరు చేరి, నేరుగా సైన్ ఆన్.

ఇదే కుర్రాడు బిలాస్‌పూర్‌లోనో దానాపూర్‌లోనో ఉంటే ఈ లెక్క కట్టే పనే లేదు. 30 గంటల్లో ఇంటికి వచ్చి పోవడం కుదరదు. వాడి హెడ్‌క్వార్టర్ విశ్రాంతంటే నలుగురు కలిసి అద్దెకు తీసుకున్న గది. ఒకడు పగలు పడుకోవాలనుకుంటే ఇంకొకడు డ్యూటీకి లేస్తుంటాడు, కుక్కరు కూస్తుంటుంది, ఎవరి ఫోన్లోనో కాల్ వస్తుంటుంది. రిజిస్టరులో మాత్రం 16 గంటల పూర్తి విశ్రాంతి అని పడుతుంది.

సైన్ ఆన్ చేసేటప్పుడు బ్రెత్ అనలైజర్‌లో ఊదిస్తారు. మద్యం తాగితే పట్టేస్తుంది. మూడు రోజులుగా సరిగా నిద్ర లేదన్న సంగతి ఏ మిషనూ పట్టదు. ఆ మనిషి రాత్రి రెండు గంటలకు తెనాలి దాటి బాపట్ల వైపు బండి నడుపుతుంటాడు. చుండూరు, నిడుబ్రోలు, మాచవరం, అప్పికట్ల. రెండు వైపులా చీకటి పొలాలు, ఎదురుగా పట్టాల మీద వెలుగు చార, ఇంజను హోరు. ప్రతి సిగ్నల్‌నూ అసిస్టెంటు గట్టిగా పిలవాలి, డ్రైవరు తిరిగి పలకాలి. ఈ మెయిన్ లైన్లో బండ్ల గరిష్ఠ వేగాన్ని 130 కిలోమీటర్లకు పెంచారు. ఆ వేగంలో రెండు సెకన్లు రెప్ప వాలితే బండి 70 మీటర్లు పోతుంది. వెనక బెర్తుల మీద వెయ్యి మందికి పైగా నిద్రపోతుంటారు. వాళ్లంతా నిశ్చింతగా పడుకున్నది, ముందు కూర్చున్న ఇద్దరూ కావలసినంత నిద్రపోయి వచ్చారన్న భరోసాతోనే. డ్రైవరు ఇంటి దగ్గర పడుకోవాలన్నది వాడి సొంత గొడవ అనేవాళ్లు, ఆ బెర్తుల మీద తమ పిల్లలూ ఉంటారని గుర్తు పెట్టుకోవాలి.

సుఖం మరిగారు అన్న నింద కొత్తది కాదు. డ్యూటీకి గంటల హద్దు పెట్టాలని 1973లో లోకో రన్నింగ్ స్టాఫ్ సమ్మె చేసినప్పుడూ ఈ మాటలే వినబడ్డాయి. రైలు నడిపేవాడు గడియారం చూసుకుంటే దేశం ఆగిపోతుందన్నారు. ఆ ఏడాది ఆగస్టులో ప్రభుత్వం పది గంటల డ్యూటీ సూత్రాన్ని ఒప్పుకుంది. దేశం ఆగలేదు. ఇవాళ డ్రైవరును ఇరవై గంటలు ఇంజను మీద కూర్చోబెడదామని ఏ అధికారైనా అంటే పిచ్చివాడంటారు. 2024 జూన్‌లో దక్షిణ రైల్వేలో లోకో పైలట్లు, పదహారు గంటల హెడ్‌క్వార్టర్ విశ్రాంతికి ముప్పై గంటల పీరియాడిక్ రెస్టు కలిపి 46 గంటలు ఇవ్వాలని, వరుస రాత్రి డ్యూటీలు రెండుకు మించకూడదని పట్టుబట్టారు. 2025 ఫిబ్రవరిలో దేశమంతటా 36 గంటల నిరాహార దీక్ష చేశారు. ఆ 46 గంటలు రేపు వచ్చినా, ఇల్లు వెయ్యి కిలోమీటర్ల అవతల ఉన్నవాడికి దానివల్ల ఒరిగేది తక్కువే. గంటలు ఎంత ముఖ్యమో, అవి ఎక్కడ గడుస్తాయన్నదీ అంతే ముఖ్యం.

కోర్టుల మాట ఎత్తేవాళ్లున్నారు. బదిలీ ఉద్యోగంలో భాగమని, ఫలానా చోటే కావాలనే హక్కు ఉద్యోగికి లేదని సుప్రీంకోర్టు 1990లో శిల్పీ బోస్ కేసులో చెప్పింది నిజమే. దాన్ని పట్టుకుని దరఖాస్తులు పక్కన పడేసేవాళ్లు, అదే సుప్రీంకోర్టు 2022 మార్చిలో ఎస్.కె. నౌషాద్ రహమాన్ కేసులో ఏం చెప్పిందో కూడా చదవాలి. కస్టమ్స్, సెంట్రల్ ఎక్సైజ్ ఉద్యోగుల కమిషనరేట్ల మధ్య బదిలీల వ్యవహారం అది. బదిలీ విధానం ప్రభుత్వ ఇష్టమేనంటూనే, ఆ విధానం రూపొందించేటప్పుడు ఉద్యోగి కుటుంబ జీవితాన్ని లెక్కలోకి తీసుకోవాలని, భార్యాభర్తల పోస్టింగులు, దివ్యాంగుల అవసరాలు, మహిళల పరిస్థితి దృష్టిలో పెట్టుకుని పునరాలోచించాలని కోర్టు చెప్పింది. కుటుంబ జీవితం గౌరవంగా బతికే హక్కులో భాగమని గుర్తించింది. ఆడపిల్లలు అసిస్టెంట్ లోకో పైలట్లుగా చేరుతున్న ఈ రోజుల్లో ఆ మాట మరీ వర్తిస్తుంది. మరుగుదొడ్డి లేని ఇంజన్ల మీద పనిచేస్తూ, చంటిబిడ్డను తల్లి దగ్గర వదిలి వేరే రాష్ట్రంలో డ్యూటీ చేసే అమ్మాయిని ఓపిక పట్టమనడానికి మనసెలా వస్తుంది?

ఇంకో సంగతి బయటివాళ్లకు తెలియదు. డ్యూటీలో ఉన్నంతసేపూ డ్రైవరు సొంత ఫోన్ ఆపేయాలి. అది ఉండవలసిన నిబంధనే, దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ వేమూరు వైపు ఒక ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలుసు. తండ్రికి గుండెనొప్పి వస్తే ఇరుగుపొరుగు ఆటోలో తెనాలి ఆసుపత్రికి తీసుకొచ్చారు. కొడుకు వేరే రాష్ట్రంలో గూడ్సు బండి మీద ఉన్నాడు. తల్లి పదే పదే ఫోన్ చేస్తూనే ఉంది. అతను బండి దిగి ఫోన్ తెరిచేసరికి తొమ్మిది గంటలు దాటింది. ఇంటికి చేరేసరికి మర్నాటి సాయంత్రం. తండ్రి బతికాడు. కొడుకు బదిలీ దరఖాస్తు అప్పటికే ఏళ్ల తరబడి పెండింగులో ఉంది, ఇప్పటికీ ఉంది. ఆ కుర్రాడే విజయవాడలో ఉంటే, అదే తొమ్మిది గంటల తర్వాత ఫోన్ చూసినా, ఇంకో గంటలో తండ్రి మంచం పక్కన ఉండేవాడు.

ఎదుటివాళ్ల వాదనలో బలమున్న మాట ఒకటుంది, దాన్ని దాటవేయను. తెలుగువాళ్లంతా ఇళ్లకు వచ్చేస్తే బయటి డిపోల బండ్లు ఎవరు నడపాలి? సమాచార హక్కు కింద బయటికొచ్చిన లెక్క ప్రకారం 2024 మార్చి 1 నాటికి దేశంలో 70,093 లోకో పైలట్ పోస్టుల్లో 14,429 ఖాళీ. 57,551 అసిస్టెంటు పోస్టుల్లో 4,337 ఖాళీ. మనిషి లేనప్పుడు ఉన్నవాణ్ని వదలలేమంటారు డిపో అధికారులు. బదిలీ ఉత్తర్వు చేతికొచ్చినా, రిలీవ్ చేయకుండా నెలల తరబడి ఆపేస్తారు. వాళ్ల ఇబ్బంది నిజమైనదే. కానీ ఆ ఖాళీలు ఎవరు సృష్టించారు? 2018 తర్వాత అసిస్టెంట్ లోకో పైలట్ల పెద్ద నోటిఫికేషన్ కోసం 2024 జనవరి దాకా ఆగింది ఎవరు? అప్పుడు కూడా 5,696 పోస్టులే ప్రకటించారు. జూన్ 17న పశ్చిమ బెంగాల్లో కాంచన్‌జంగా ఎక్స్‌ప్రెస్‌ను గూడ్సు బండి గుద్దిన తర్వాత ఒకటి రెండు రోజుల్లోనే ఆ సంఖ్యను 18,799కి పెంచారు. అంటే అవసరం ఎంతో రైల్వే బోర్డుకు తెలుసు. ఆరేళ్లు భర్తీ చేయని తప్పు ఒకరిది, ఆ ఆరేళ్లూ అద్దె గదిలో శిక్ష అనుభవించింది ఇంకొకరు. సిబ్బంది కొరత బదిలీ ఇవ్వకపోవడానికి కారణం కాగలదేమో గానీ, అడిగినవాడి వ్యక్తిత్వం మీద మాట పడేయడానికి ఎప్పటికీ కారణం కాదు.

పైగా, బదిలీలన్నీ ఖాళీలు పెంచేవి కావు. గుంటూరు డివిజన్లో బిహారు కుర్రాళ్లు పనిచేస్తున్నారు. వాళ్లకు దానాపూర్ వైపు పోవాలనుంది. అక్కడున్న మన పిల్లలకు ఇటు రావాలనుంది. పరస్పర బదిలీ ఇస్తే ఏ డిపోలోనూ మనిషి తగ్గడు. కానీ ఆ జోడీని ఎవరు వెతుక్కోవాలి? డ్రైవర్లే. వాట్సాప్ గ్రూపుల్లో, రన్నింగ్ రూమ్ గోడల మీద, తోటివాళ్ల నోటి మాటల్లో ఏళ్ల తరబడి వెతుకుతారు. దొరికినా ఇద్దరిలో సీనియరైనవాడు రెండోవాడి స్థానానికి దిగిపోవాలి. క్రూ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌లో ఏ డ్రైవరు ఏ నిమిషంలో సైన్ ఆన్ చేశాడో తెలిసే రైల్వేకు, సిబ్బంది వివరాలుండే హెచ్‌ఆర్‌ఎంఎస్‌లో బదిలీ దరఖాస్తులు ఆన్‌లైన్‌లోనే తీసుకునే రైల్వేకు, ఎదురెదురు దరఖాస్తులను తానే కలిపి ఇద్దరికీ కబురు పెట్టడం కష్టమా? ఇద్దరు కుదరనప్పుడు ముగ్గురు, నలుగురిని గొలుసుగా మార్చవచ్చు. దీనికి కొత్త పోస్టు ఒక్కటి కూడా అక్కర్లేదు.

బదిలీ అయితే అలవాటైన సెక్షన్‌తో, అంటే బండి నడిపే మార్గంతో, పరిచయం పోతుందన్న ఇంకో వాదన సిబ్బంది కొరత వాదన ముందు చిన్నది. కొత్త సెక్షన్లో బండి పట్టే ముందు డ్రైవరు రోడ్ లెర్నింగ్ చేస్తాడు. మామూలుగా మూడు ట్రిప్పులు, వాటిలో ఒకటి రాత్రి పూట. నాలుగు రోజుల్లో పూర్తయ్యే ఈ పనిని అడ్డం పెట్టి నాలుగేళ్లు ఆపడం న్యాయం కాదు.

మిగతా ప్రపంచంలో డ్రైవర్లు తమకు నచ్చిన చోటు కోరుకోరా? లండన్ భూగర్భ రైళ్ల డ్రైవర్లు నచ్చిన లైనుకు, డిపోకు పేరిచ్చి తమ వంతు కోసం ఎదురుచూస్తారు. న్యూయార్క్ సబ్‌వేలో సీనియారిటీ ప్రకారం తమ పనిని తామే ఎంచుకుంటారు. వాళ్లను ఎవరూ సోమరులనడం లేదు. వాళ్లు ఒకే నగరంలో ఈ డిపో బదులు ఆ డిపో అడుగుతున్నారు. మనవాడు అడుగుతున్నది ఆ మాత్రం సౌకర్యం కూడా కాదు, సొంత జిల్లాకు దారి.

ఇప్పుడు ఈ మాట గట్టిగా చెప్పడానికి ఒక కారణముంది. మన మూడు ఊళ్లూ రెండు డివిజన్ల మధ్య ఉన్నాయి. తెనాలి, బాపట్ల విజయవాడ డివిజన్. తెనాలి నుంచి చీలే రేపల్లె లైను 2003లో ఏర్పడిన గుంటూరు డివిజన్. డ్రైవర్ల సీనియారిటీ డివిజన్ వారీగా ఉంటుంది కాబట్టి పక్క డివిజన్‌కు మారినా బాటం సీనియారిటీ తప్పదు. దీనికి తోడు విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా జోన్ మంజూరైంది. విజయవాడ, గుంటూరు, గుంతకల్లు డివిజన్లు అందులో భాగం, సికింద్రాబాద్ మాత్రం దక్షిణ మధ్య రైల్వేలోనే. కాజీపేటలోనో సికింద్రాబాద్‌లోనో బండి నడుపుతున్న తెనాలి కుర్రాడు నిన్నటిదాకా సొంత జోన్లోనే డివిజన్ మార్చమని అడిగాడు. హద్దు గీశాక అదే కోరిక జోను దాటే బదిలీ అవుతుంది. ఫైలు రెండు జోన్ల ఆఫీసులు తిరగాలి. పెండింగులో ఉన్న దరఖాస్తుల తేదీలు, వరుస సంఖ్యలు ఈ విభజనలో చెల్లకుండా పోతాయేమోనన్న భయం వాళ్లలో ఉంది. కొత్త జోన్ పెద్దలు ఆ భయం పోగొట్టాలి. పాత దరఖాస్తు ఏ తేదీన పెట్టారో ఆ తేదీతోనే లెక్కలోకి తీసుకుంటామని రాతపూర్వకంగా చెప్పాలి.

అలాగే ఎదురుచూసేవారి జాబితాను ప్రతి నెలా అందరికీ కనబడేలా పెట్టాలి. తన పేరు ఎన్నోదో, తన ముందు ఎవరున్నారో, గడిచిన నెలలో ఎందరు కదిలారో డ్రైవరుకు తెలియాలి. వరుస కనబడని చోట పైరవీలు పుడతాయి, నిజాయితీగా నిలబడ్డవాడే వెనకబడతాడు. బదిలీ ఉత్తర్వు వచ్చాక ఇన్ని రోజుల్లో రిలీవ్ చేసి తీరాలని గడువు పెట్టాలి, ఆ గడువు దాటితే డిపో అధికారి కారణం రాసి సంతకం పెట్టాలి. కొత్త బ్యాచి శిక్షణ ముగించుకుని డిపోకు వచ్చిన ప్రతిసారీ, ఆ మేరకు పాతవాళ్లను ముందు వదలాలి.

తెనాలి గుంటూరు లోక్‌సభ స్థానంలో ఉంది. బాపట్ల, వేమూరు, రేపల్లె బాపట్ల స్థానంలో ఉన్నాయి. ఈ ఇద్దరు ఎంపీల్లో ఒకరు పార్లమెంటులో ఒక ప్రశ్న వేస్తే చాలు: విజయవాడ, గుంటూరు డివిజన్లకు రావడానికి రన్నింగ్ సిబ్బంది పెట్టిన దరఖాస్తులు ఎన్ని పెండింగులో ఉన్నాయి, వాటిలో అన్నిటికన్నా పాతది ఏ తేదీది? ఈ ఊళ్ల ఓటర్లుగా ఆ ప్రశ్నను పార్లమెంటు దాకా తీసుకెళ్లమని వాళ్లను అడగండి. ఈసారి ఎవరైనా డ్రైవర్లకు ఒళ్లు బరువెక్కిందంటే, తలూపకుండా బాటం సీనియారిటీ అంటే ఏమిటో వాళ్లకు చెప్పండి.